విండోస్ ల్యాప్‌టాప్‌లో లినక్స్ విండో తెరుచుకోవడం లేదు, రెండు రాత్రులుగా ఇదే తంటా

అలల_లెక్క
విండోస్ 11, 8 జీబీ ర్యామ్. డబ్ల్యూఎస్‌ఎల్ 2లో, అంటే విండోస్ లోపలే లినక్స్ నడిపే ఏర్పాటులో, ఉబుంటు లినక్స్ వేశాను. నా పని బంగాళాఖాతం తుపాన్ల మీద. హుద్‌హుద్ రోజుల డేటా, అంటే 2014 అక్టోబరు 7 నుంచి 12 వరకు, ల్యాబ్‌లోని లినక్స్ మెషీన్ మీద ఉంది. దాన్ని ఎన్‌సీవ్యూలో (వాతావరణ డేటాని బొమ్మలుగా చూపే లినక్స్ ప్రోగ్రామ్) తెరిచి పీడనం గంట గంటకూ ఎలా కదిలిందో ఇంటి దగ్గర కూర్చుని చూడాలి. ల్యాబ్ సాయంత్రం 5కి మూసేస్తారు. నేను విశాఖలో ఎంవీపీ కాలనీకి వచ్చి అన్నం తిని కూర్చునేసరికి 8 అవుతుంది.

మొన్న రాత్రి ఒక పాత సెటప్ గైడ్ చూసి చెప్పింది చెప్పినట్టు చేశాను. ఎన్‌సీవ్యూ అని కొడితే "డిస్‌ప్లే తెరవలేను" అంటోంది, పక్కన 172తో మొదలయ్యే ఐపీ, కోలన్, సున్నా. ల్యాబ్ మెషీన్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరపు మెషీన్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే ప్రోగ్రామ్) వెళ్లి అక్కడ కొట్టినా అదే ఎర్రర్, అదే ఐపీ. వచ్చే వారం గైడ్ సార్‌కి బొమ్మలు చూపించాలి. చాలా టెన్షన్‌గా ఉంది.

మద్దిలపాలెం_మెస్
విండోస్ తీసేసి లినక్స్ వేసెయ్యండి. ఒక్క రాత్రి పని, తర్వాత హాయి.

గాజువాక_మెకానికల్
వర్చువల్‌బాక్స్ పెట్టుకోండి, విండోస్ లోపలే ఇంకో కంప్యూటర్ నడిపినట్టు. మొత్తం డెస్క్‌టాప్ వస్తుంది, ఈ డిస్‌ప్లే గోల ఉండదు.

అలల_లెక్క
లినక్స్ వేయడం కుదరదు. ఈ ల్యాప్‌టాప్ మీదే నాన్నగారి ఆఫీసు లెక్కలు కూడా నడుస్తాయి, ఆ సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే వస్తుంది. వర్చువల్‌బాక్స్ పోయినేడాది చూశాను. 8 జీబీలో సగం దానికిస్తే బ్రౌజర్ తెరవడానికి కూడా ఓపిక పట్టాల్సి వచ్చింది.

ఆర్కేబీచ్_రూట్
వీసీఎక్స్‌ఎస్‌ఆర్‌వీ (లినక్స్ విండోలని విండోస్ తెర మీద చూపే ప్రోగ్రామ్) డౌన్‌లోడ్ చేసి నడపండి. డిస్‌ప్లే నంబరు సున్నా, "యాక్సెస్ కంట్రోల్ వద్దు" అనే డబ్బాలో టిక్కు పెట్టండి, ఫైర్‌వాల్ అడిగితే ప్రైవేట్, పబ్లిక్ రెండూ ఓకే చెయ్యండి. నాకు 2020 నుంచి ఇలాగే నడుస్తోంది.

సీతమ్మధార_అడ్మిన్
పైన చెప్పింది 2020కి సరైన సలహా. ఇప్పుడు దాని అవసరం లేదు. విండోస్ 11లో డబ్ల్యూఎస్‌ఎల్‌తో పాటే డబ్ల్యూఎస్‌ఎల్‌జీ వస్తుంది, చివరి జీ అంటే గ్రాఫిక్స్. 2021 ఏప్రిల్‌లో ప్రివ్యూగా వచ్చింది, ఆ ఏడాది అక్టోబరులో విండోస్ 11తో అందరికీ చేరింది. లోపల వెస్టన్ అనే వేలాండ్ కంపోజిటర్ (విండోలని తెర మీద పేర్చేది), లినక్స్‌లో విండోలు గీసే పాత పద్ధతి ఎక్స్ వాడే ప్రోగ్రామ్‌ల కోసం ఎక్స్‌వేలాండ్ ఉంటాయి. లినక్స్ గీసిన విండోని ఆర్‌డీపీ (విండోస్ రిమోట్ డెస్క్‌టాప్ పద్ధతి) మీదుగా తెచ్చి మామూలు విండోస్ విండోలాగా నిలబెడతాయి. టాస్క్‌బార్‌లో కూడా కనిపిస్తుంది. వేరే ఎక్స్ సర్వర్ ఏదీ వేయక్కర్లేదు.

ఆర్కేబీచ్_రూట్
మరి ఆవిడకి ఎందుకు రావట్లేదు? విండోస్ 11 అనే కదా రాశారు.

పాత_తీగ
అమ్మా, ముందు ఒక పని చెయ్యి. కొత్త ఉబుంటు టెర్మినల్ తెరిచి, ఏ ప్రోగ్రామూ నడపకుండా, డిస్‌ప్లే వేరియబుల్‌లో ఏముందో ఎకో కమాండ్‌తో చూసి ఇక్కడ పెట్టు. తర్వాత ల్యాబ్ మెషీన్‌లోకి వెళ్లి అక్కడా అదే చెయ్యి. నాకు అనుమానం ఉంది.

అలల_లెక్క
రెండు చోట్లా ఒకటే వచ్చింది సార్. 172తో మొదలయ్యే ఐపీ, కోలన్, సున్నా.

పాత_తీగ
అనుకున్నాను. ల్యాబ్ మెషీన్‌కీ నీ ల్యాప్‌టాప్‌కీ ఒకే విలువ రావడానికి వీల్లేదు. నీ బాష్ఆర్‌సీ ఫైల్ (టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ నడిచేది) చివర ఆ గైడ్ చెప్పిన డిస్‌ప్లే లైను ఉండాలి. ఆ ఫైల్‌నే ల్యాబ్ మెషీన్‌లోకి కాపీ చేశావా?

అలల_లెక్క
అవును సార్! నా షార్ట్‌కట్‌లన్నీ అందులో ఉన్నాయని అలాగే పంపేశాను.

పాత_తీగ
సరే, కొంచెం వివరంగా చెబుతాను. ఇక్కడ అందరూ పొరపడే మాట ఒకటుంది.

సర్వర్ అంటే ఎక్కడో ఉండే పెద్ద మెషీన్ అని మనకి అలవాటు. ఎక్స్‌లో అది తిరగబడుతుంది. తెర, కీబోర్డు, మౌస్ ఎవరి దగ్గరుంటే వాళ్లే సర్వర్. ఎన్‌సీవ్యూ క్లయింట్, అది వచ్చి "అయ్యా, నీ తెర మీద ఒక విండో గీయి" అని అడుక్కుంటుంది. 1984లో ఎంఐటీలో మొదలుపెట్టినప్పుడే అలా కట్టారు, 1987లో వచ్చిన 11వ వెర్షనే ఈరోజుకీ నడుస్తోంది. అప్పట్లో లెక్క చేసే మెషీన్ ఒక గదిలో, తెర ఇంకో గదిలో ఉండేవి కాబట్టి ఆ పద్ధతి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా దగ్గర ఎక్స్ టెర్మినళ్లు ఉండేవి. పెట్టెలో హార్డ్ డిస్క్ కూడా ఉండేది కాదు, తెర చూపించడమే దాని ఉద్యోగం.

డిస్‌ప్లే వేరియబుల్ అంటే ఆ తెర చిరునామా. నీ ల్యాప్‌టాప్‌లో దాన్ని డబ్ల్యూఎస్‌ఎల్‌జీ తనంతట తానే "కోలన్ సున్నా" అని పెట్టుకుంటుంది, అంటే ఈ మెషీన్‌లోనే ఉన్న తెర. నీ బాష్ఆర్‌సీ దాన్ని చెరిపి, పాత ఐపీ రాస్తోంది. ఆ చిరునామాలో ఇప్పుడు తలుపు తీసేవాళ్లు ఎవరూ లేరు.

ల్యాబ్ మెషీన్‌లో ఇంకో రకం. ఎస్‌ఎస్‌హెచ్‌ని పెద్ద ఎక్స్ ఆప్షన్‌తో నడిపితే అవతలి వైపు తనే ఒక దొంగ తెర కడుతుంది. దాని పేరు మామూలుగా లోకల్‌హోస్ట్ కోలన్ 10. అక్కడ గీసిందల్లా గుప్తంగా నీ దగ్గరికి వస్తుంది. అక్కడ కూడా నీ బాష్ఆర్‌సీ అడ్డుపడి ఐపీ మార్చేసింది.

రెండు చోట్లా ఆ ఒక్క లైను తీసెయ్యి. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి డబ్ల్యూఎస్‌ఎల్‌కి షట్‌డౌన్ ఇవ్వు, మళ్లీ తెరువు. ఎన్‌సీవ్యూ జోలికి ఇప్పుడే పోకు. ఎక్స్11 యాప్స్ అనే ప్యాకేజీ వేసి ఎక్స్‌ఐస్ కొట్టు.

అలల_లెక్క
కళ్లు వచ్చాయి!!! నా టాస్క్‌బార్ పైన రెండు పెద్ద కళ్లు, మౌస్ ఎటు పోతే అటు చూస్తున్నాయి. మా అన్నయ్య కూతురు పక్కనే కూర్చుని "అత్తా, దానికి ఆకలేస్తోందా" అని అడుగుతోంది.

మద్దిలపాలెం_మెస్
కళ్లు వచ్చాయంటే చూపు వచ్చినట్టే. మేడమ్, పాపకి మౌస్ ఇచ్చెయ్యండి, ఈ రాత్రికి డేటా వద్దు.

గాజువాక_మెకానికల్
నేను వర్చువల్‌బాక్స్ అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. నా పాత ల్యాప్‌టాప్‌లో కూడా ఇదే లైను ఉంది, ఇప్పుడే చూశాను.

ఆర్కేబీచ్_రూట్
నాది విండోస్ 10. అందులో డబ్ల్యూఎస్‌ఎల్‌జీ లేదనే వీసీఎక్స్‌ఎస్‌ఆర్‌వీ వాడుతున్నా.

సీతమ్మధార_అడ్మిన్
విండోస్ 10లో కూడా వస్తుంది. 2022 నవంబరు నుంచి స్టోర్‌లోని డబ్ల్యూఎస్‌ఎల్ వేసుకుంటే చాలు, బిల్డ్ 19044 లేదా ఆపైన ఉండాలి. కాకపోతే విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, అదీ చూసుకోండి. అప్‌డేట్ చేశాక కూడా డబ్ల్యూఎస్‌ఎల్ 2 మొరాయిస్తే బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. నా దగ్గరికి వచ్చే సగం ల్యాప్‌టాప్‌లలో అదే.

పాత_తీగ
ఆర్కేబీచ్ బాబూ, ఆ "యాక్సెస్ కంట్రోల్ వద్దు" టిక్కు గురించి ఒక మాట. దయచేసి అది ఎవరికీ చెప్పకు. నీ తెరకి చేరుకోగలిగిన ఏ క్లయింట్ అయినా నువ్వు కొట్టే ప్రతి అక్షరాన్నీ చదవగలదు, ఎక్స్ కట్టడమే అలా కట్టారు. టిక్కు పెట్టి, ఫైర్‌వాల్‌లో పబ్లిక్ కూడా తెరిచి, బీచ్ రోడ్డు మీద ఏ కాఫీ షాపు వైఫైలోనో కూర్చుని బ్యాంకు పాస్‌వర్డ్ ఏ లినక్స్ విండోలోనో కొడితే అదే వైఫైలో ఉన్న ఎవరికైనా అది దొరుకుతుంది.

ఆర్కేబీచ్_రూట్
అమ్మో. ఐదేళ్లకు పైగా అలాగే ఉంది. ఇవాళే తీసేస్తా సార్.

రుషికొండ_మ్యాక్
ఇదే థ్రెడ్‌లో నా గోడు కూడా. మ్యాక్‌లో ఎక్స్‌క్వార్ట్జ్ (మ్యాక్‌కి ఎక్స్ సర్వర్) వేశాను. ఎస్‌ఎస్‌హెచ్‌తో ఆఫీసు లినక్స్‌లోకి వెళ్తాను, విండోలు బాగానే తెరుచుకుంటాయి. కాసేపయ్యాక పాత విండోలు నడుస్తూనే ఉంటాయి గానీ కొత్తవి తెరుచుకోవు. మళ్లీ లాగిన్ అయితే అన్నీ బాగుంటాయి. నెట్‌వర్క్ వాళ్లని అడిగితే నెట్ బాగానే ఉందన్నారు.

సీతమ్మధార_అడ్మిన్
కాసేపు అంటే 20 నిమిషాలా?

రుషికొండ_మ్యాక్
ఇప్పుడు గడియారం పెట్టుకుని చూశా. 19వ నిమిషంలో తెరుచుకుంది, 21వ నిమిషంలో రాలేదు! మీకెలా తెలుసు?

సీతమ్మధార_అడ్మిన్
ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో పెద్ద ఎక్స్ ఆప్షన్ అంటే "అవతలి వాడిని పూర్తిగా నమ్మను" అని. ఆ నమ్మకానికి గడువు మామూలుగా 20 నిమిషాలు, తర్వాత కొత్త విండోలని రానివ్వదు. డెబియన్, ఉబుంటు వాళ్లు తమ సెట్టింగుల్లో నమ్మకాన్ని ముందే ఆన్ చేసి ఇస్తారు కాబట్టి అక్కడివాళ్లకి ఇది ఎదురవదు. మీరు పెద్ద వై ఆప్షన్ వాడండి, లేదా ఎస్‌ఎస్‌హెచ్ కాన్ఫిగ్‌లో ఫార్వర్డ్ ఎక్స్11 టైమౌట్ పెంచుకోండి. వై అంటే పూర్తి నమ్మకం. మీ ఆఫీసు మెషీనే కాబట్టి సరే, ముక్కూమొహం తెలియని సర్వర్‌కి మాత్రం వద్దు.

రుషికొండ_మ్యాక్
మూడు నెలల తలనొప్పి. ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. మ్యాక్ వాళ్లకి ఇంకో రెండు మాటలు: 2012లో మౌంటెన్ లయన్ నుంచి మ్యాక్‌తో ఎక్స్11 రావడం ఆగిపోయింది, ఎక్స్‌క్వార్ట్జ్ విడిగా వేసుకోవాలి. వేశాక ఒకసారి లాగౌట్ అయి లాగిన్ అవ్వండి, లేకపోతే డిస్‌ప్లే ఖాళీగానే ఉంటుంది.

పోతన_ప్రేమి
నాకు వేరే బాధ. డబ్ల్యూఎస్‌ఎల్‌జీలో స్క్రైబస్ (పత్రిక పేజీలు కూర్చే ప్రోగ్రామ్) తెరుచుకుంది, బాగుంది. తెలుగు మాత్రం అన్నీ డబ్బాలే. మా అపార్ట్‌మెంట్ పత్రిక నేనే వేస్తాను, 12 పేజీలు.

అలల_లెక్క
నాకూ మ్యాప్ శీర్షిక తెలుగులో పెడితే డబ్బాలే వచ్చాయి.

సీతమ్మధార_అడ్మిన్
డబ్ల్యూఎస్‌ఎల్ ఉబుంటులో తెలుగు ఫాంట్లు ముందే ఉండవు. ఫాంట్స్ తెలు అనే ప్యాకేజీ వేయండి, లోహిత్ తెలుగు వస్తుంది. విండోస్‌లో ఉన్న గౌతమి, నిర్మలా యూఐ కూడా కావాలంటే ఫాంట్ కాన్ఫిగ్ ఫైల్‌లో సీ డ్రైవ్ ఫాంట్ల ఫోల్డర్ దారి ఒక లైను చేర్చితే చాలు, కాపీ చెయ్యక్కర్లేదు.

పోతన_ప్రేమి
వచ్చింది! కానీ టైపు చేస్తే ఇంగ్లీషే పడుతోంది. విండోస్‌లో తెలుగు కీబోర్డు పెట్టి ఉంది, నోట్‌ప్యాడ్‌లో తెలుగు చక్కగా వస్తుంది.

సీతమ్మధార_అడ్మిన్
విండోస్ టైపింగ్ పద్ధతి లినక్స్ విండోలోకి దాటి రాదు. లినక్స్ లోపలే ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీలు వేసుకోవాలి. తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ టైపింగ్ పద్ధతులు రెండూ ఉన్నాయి.

మద్దిలపాలెం_మెస్
నేనైతే నోట్‌ప్యాడ్‌లో కొట్టి కాపీ చేసి పేస్ట్ చేస్తా. క్లిప్‌బోర్డు రెండు వైపులా పనిచేస్తుంది.

పోతన_ప్రేమి
12 పేజీలు పేస్ట్ చేస్తూ కూర్చోలేను తమ్ముడూ. ఐబస్‌తో కుస్తీ పడతాను.

అలల_లెక్క
మళ్లీ నేనే. ల్యాబ్ మెషీన్‌లో ఆ లైను తీసేశాక లోకల్‌హోస్ట్ కోలన్ 10 అని చూపిస్తోంది, ఎన్‌సీవ్యూ ఇంటికి వచ్చింది! కానీ ఎంత నెమ్మదో చెప్పలేను. ప్లే నొక్కితే ఒక్కో బొమ్మకి రెండు మూడు సెకన్లు. నిన్న రాత్రి మధ్యలో కరెంటు పోయి రౌటర్ ఆగింది, విండో మాయమైంది. మళ్లీ మొదటి నుంచి.

గాజువాక_మెకానికల్
ఇక్కడ నేను గట్టిగా చెబుతాను. విండోని దూరం నుంచి లాక్కురావడమే తప్పు పద్ధతి. నేను ఓపెన్‌ఫోమ్‌తో ఓడ అడుగున నీటి ప్రవాహం లెక్కలు చేస్తాను. లెక్క లినక్స్‌లో, చూడటం విండోస్‌లో పారావ్యూ అనే బొమ్మల ప్రోగ్రామ్‌లో. పారావ్యూకి సర్వర్ భాగం వేరే ఉంది, దాన్ని లెక్క చేసే మెషీన్‌లో నడిపి 11111 పోర్టు ద్వారా నా ల్యాప్‌టాప్ నుంచి కలుపుతాను. రెండు వైపులా వెర్షన్ ఒకటే ఉండాలి, అదొక్కటే షరతు.

పాత_తీగ
నీ మాట నీ పనికి సరైనదే. ఆవిడ వాడేది ఎన్‌సీవ్యూ, దానికి అలాంటి రెండు ముక్కల ఏర్పాటు లేదు. కానీ "దూరం నుంచి లాక్కురావద్దు" అన్నది నిజం. ఎక్స్ ప్రోటోకాల్ మాటకారి, చిన్న మెనూ తెరవాలన్నా అటూ ఇటూ ఎన్నోసార్లు అడిగి జవాబు కోసం ఆగుతుంది. ఒకే గదిలో అయితే తెలియదు. ఇంటి నుంచి అమ్మాయీ, పింగ్, అంటే ఒక మాట వెళ్లి జవాబు వచ్చే సమయం, ఎంత వస్తోంది?

అలల_లెక్క
60 మిల్లీసెకన్ల దగ్గర.

పాత_తీగ
అయితే 50 సార్లు అడిగి ఆగితే 3 సెకన్లు. నీ రెండు మూడు సెకన్లలో ఎక్కువ భాగం అక్కడే పోతోంది. ఎస్‌ఎస్‌హెచ్‌కి కంప్రెషన్ పెట్టినా బొమ్మ బరువు తగ్గుతుంది గానీ ఈ నిరీక్షణ తగ్గదు.

సీతమ్మధార_అడ్మిన్
కరెంటు సంగతికి ఎక్స్‌ప్రా వేసుకోండి. ప్రోగ్రామ్ ల్యాబ్ మెషీన్‌లోనే బతికి ఉంటుంది, మనం మళ్లీ కలుపుకుంటే విండో వదిలిన చోటే కనిపిస్తుంది. ల్యాబ్ మెషీన్‌లో కూడా అది ఇన్‌స్టాల్ అయి ఉండాలి, అడ్మిన్‌ని అడగాలి.

రుషికొండ_మ్యాక్
ఎక్స్2గో కూడా అలాంటిదే. మొత్తం డెస్క్‌టాప్ కావాలంటే అది నయం.

చినవాల్తేరు_గ్రిడ్
నేనూ వాతావరణ డేటాతోనే పని చేస్తాను, చెల్లీ, విండో సంగతి కాసేపు వదిలెయ్. నీ డేటా ఈఆర్ఏ5 (గంట గంటకూ ప్రపంచ వాతావరణం లెక్కగట్టిన డేటా) అయితే ప్రపంచం మొత్తం గ్రిడ్ 1440 అడ్డం, 721 నిలువు. ఒక్కో విలువకి 2 బైట్లు అనుకున్నా పీడనం ఒక్కటే రోజుకి 24 గంటలకి దాదాపు 50 ఎంబీ. 6 రోజులు అంటే 300 ఎంబీ. నీకు కావాల్సింది బంగాళాఖాతమే. రేఖాంశం 78 నుంచి 98, అక్షాంశం 5 నుంచి 25 తీసుకుంటే గ్రిడ్ 81 బై 81. 6 రోజులకి 2 ఎంబీ కూడా కాదు.

ల్యాబ్ మెషీన్‌లో సీడీఓ (వాతావరణ ఫైళ్లని కోసే, కలిపే టూల్) ఉంటే సెల్‌లాన్‌లాట్‌బాక్స్ అని ఒక ఆపరేటర్ ఉంది. దానికి 78, 98, 5, 25 అని ఆ వరుసలోనే ఇవ్వు. ముక్క కోసి ఇస్తుంది. ఆ చిన్న ఫైల్‌ని ఇంటికి తెచ్చుకుని నీ ఉబుంటులోనే ఎన్‌సీవ్యూ వేసుకో, అది ఉబుంటు ప్యాకేజీల్లోనే ఉంది. కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద చూసుకోవచ్చు.

సీతమ్మధార_అడ్మిన్
ఫైల్‌ని సీ డ్రైవ్‌లో పెట్టకండి, ఉబుంటు హోమ్ ఫోల్డర్‌లో పెట్టండి. డబ్ల్యూఎస్‌ఎల్ 2 నుంచి సీ డ్రైవ్‌ని చదవాలంటే మధ్యలో ఇంకో ప్రోటోకాల్ దాటాలి, నెమ్మదిస్తుంది. 2 ఎంబీకి తేడా తెలియదు గానీ రేపు పెద్ద ఫైళ్లు తెచ్చుకుంటారు కదా. ఇంకోటి, 8 జీబీ మెషీన్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ సగం మెమరీ వరకు తీసుకోగలదు. నాన్నగారి సాఫ్ట్‌వేర్ నెమ్మదిస్తే డబ్ల్యూఎస్‌ఎల్ కాన్ఫిగ్ ఫైల్‌లో 3 జీబీ అని కట్టడి చెయ్యండి.

గాజువాక_మెకానికల్
చూశారా, నేను చెప్పిందే చుట్టూ తిరిగి వచ్చింది.

చినవాల్తేరు_గ్రిడ్
సగమే అన్నా. చూసే ప్రోగ్రామ్ లినక్స్‌దే, నడిచేది డబ్ల్యూఎస్‌ఎల్‌జీ మీదే. పాత_తీగ గారు ఆ లైను పట్టుకోకపోతే ఇదీ తెరుచుకునేది కాదు.

అలల_లెక్క
అయిపోయింది! ముక్క 1.9 ఎంబీ వచ్చింది. ప్లే నొక్కగానే పరిగెత్తుతోంది, నేనే స్పీడు తగ్గించుకోవాల్సి వచ్చింది.

అండమాన్ దగ్గర చిన్న మచ్చలా మొదలై, మెల్లగా వాయవ్యానికి జరుగుతూ, 12వ తారీఖుకి సరిగ్గా మన తీరం దగ్గర నీలం చుక్క. మొదట సమయం తప్పనుకున్నాను, ఉదయం 6, 7 గంటలకే తీరం మీద కనిపిస్తోంది. తర్వాత గుర్తొచ్చింది, ఫైల్‌లో ఉన్నది యూటీసీ, అంటే అంతర్జాతీయ సమయం. ఐదున్నర గంటలు కలిపితే మధ్యాహ్నం. సరిగ్గా అదే వేళ. అప్పుడు నేను ఏడో తరగతి. కిటికీ రెక్కలు కొట్టుకోకుండా నాన్న మంచం అడ్డం పెట్టి పట్టుకుని కూర్చున్నారు. కాసేపు గాలి ఆగితే అయిపోయిందనుకుని తలుపు తీయబోయాం, ఎదురింటి మామ్మగారు "తీయకండి, మళ్లీ వస్తుంది" అని కేకేశారు. ఇవాళ నాన్నని పిలిచి చూపించాను. ఆ చుక్క మా ఇంటి మీదకి వచ్చేదాకా మాట్లాడకుండా చూశారు.

పాత_తీగ
మామ్మగారు చెప్పింది తుపాను కన్ను గురించి, నడిమధ్య గాలి ఆగే చోటు. నేను ఆ రోజు సీతమ్మధారలోనే ఉన్నాను తల్లీ. మా వీధి చివర రావిచెట్టు వేళ్లతో సహా పడిపోయింది.

చినవాల్తేరు_గ్రిడ్
సార్‌కి చూపించే ముందు ఒక జాగ్రత్త. కనిష్ఠ పీడనం ఎంత వచ్చిందో చూసి అదే హుద్‌హుద్ తీవ్రత అని రాయకు. ఈఆర్ఏ5 గ్రిడ్ పావు డిగ్రీ, తుపాను కేంద్రం అందులో చదునై కనిపిస్తుంది. వాతావరణ శాఖ ఐఎండీ అంచనా 950 హెక్టాపాస్కల్స్, నీ బొమ్మలో అంత లోతు ఉండదు. రెండూ పక్కపక్కన పెట్టి తేడా ఎందుకో ఒక వాక్యం రాయి, సార్ అడిగేది అదే.

అలల_లెక్క
రాసుకున్నాను అన్నా. ఇంకొక్కటి, విండో అంచులు కాస్త మసకగా ఉన్నాయి, నా తెర స్కేలింగ్ 150 శాతం.

సీతమ్మధార_అడ్మిన్
150 లాంటి మధ్య సంఖ్యలతో వచ్చే సంగతి అది. 100 లేదా 200 పెట్టి చూడండి, స్పష్టంగా ఉండొచ్చు. ఎన్‌సీవ్యూ పాత ఎథీనా బటన్లు వాడుతుంది కాబట్టి 200లో కూడా అక్షరాలు చదవడానికి వీలుగా ఉన్నాయో లేదో చూసుకోండి.

పోతన_ప్రేమి
ఐబస్ పనిచేసింది. మొదటి పేజీ శీర్షిక నేరుగా స్క్రైబస్‌లోనే కొట్టాను. అలల_లెక్క గారూ, ఆ తీరం దాటే బొమ్మ ఒకటి మా పత్రికకి ఇస్తారా? అక్టోబరు సంచికలో వేసుకుంటాం.

అలల_లెక్క
తప్పకుండా. తెలుగు శీర్షికతో, డబ్బాలు లేకుండా పంపిస్తాను.